వేట తుపాకీకి సింథటిక్ స్టాక్: విశాఖ తేమలో ఏది తీసుకోవాలి, యాక్షన్‌ను అందులో ఎలా కూర్చోబెట్టించాలి

తాతల నాటి రైఫిల్ ఉన్న విశాఖ ఇళ్లలో ఒక ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. సంక్రాంతి రోజుల్లో గురి సరిచేసి పెట్టిన తుపాకీ శ్రావణమాసం వచ్చేసరికి మరో చోట కొడుతుంది. టెలిస్కోప్ బిగింపు వదులైందని కొందరు, తూటాల పెట్టె మారిందని కొందరు అనుకుంటారు గానీ, చాలాసార్లు కారణం వాటన్నిటి కింద ఉన్న వాల్‌నట్ కట్టెలోనే ఉంటుంది. కట్టె తేమను పీల్చినప్పుడు పొడవులో దాదాపు మార్పు రాదు. వెడల్పులో, మందంలో మాత్రం ఉబ్బుతుంది. అలా ఉబ్బిన ముందుభాగం బారెల్‌ను ఒక పక్కకు నెట్టినా, యాక్షన్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే లోహపు భాగం) కూర్చున్న గూడు కొద్దిగా వంకర తిరిగినా, గుండు పడే చోటు ఆ మేరకు జరిగిపోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ 70 శాతం చుట్టూ గానీ అంతకు పైన గానీ ఉండే ఈ ఊళ్లో సింథటిక్ స్టాక్ ఆలోచన, అంటే యాక్షన్‌ను, బారెల్‌ను మోసే ఆ కట్టె స్థానంలో వేరే పదార్థంతో చేసినది పెట్టాలన్న ఆలోచన, అలంకారం కోసం పుట్టింది కాదు.

అయితే స్టాక్ మార్చినంత మాత్రాన పని పూర్తయిందనుకునేవారే ఎక్కువ. గురి నిలకడను నిర్ణయించేది స్టాక్‌ను దేనితో చేశారన్నది కాదు, దానిలో యాక్షన్ ఎలా కూర్చుందన్నది. ఖరీదైన స్టాక్‌లో సరిగా కూర్చోని యాక్షన్ కన్నా, మధ్యరకం స్టాక్‌లో ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్) పడక మీద నిండుగా కూర్చున్న యాక్షన్ మేలు. అందువల్ల ఈ పోలికలో స్టాక్ రకాలకు ఇచ్చినంత చోటు, కొంచెం ఎక్కువే, బెడ్డింగ్‌కు, అంటే యాక్షన్‌ను స్టాక్‌లో నిండుగా కూర్చోబెట్టే పనికి కూడా ఇస్తున్నాను.

మొదట చట్టం మాట

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మన దగ్గర ‘వేట తుపాకీ’ అన్నది పేరుగానే మిగిలింది. ఆ తుపాకులు ఇప్పుడు లైసెన్సు మీద ఇంట్లో ఉంటాయి, అనుమతి ఉన్న రేంజిలో పేలుతాయి, అంతే. 2019 సవరణతో సామాన్య లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది కాబట్టి, మరొకటి కొనడం కన్నా ఉన్నదాన్ని బాగు చేసుకోవాలనే ఆలోచన సహజమే. కానీ 1959 నాటి ఆయుధాల చట్టం నిర్వచనంలో ఆయుధాల భాగాలు కూడా ఆయుధాలలోకే వస్తాయి, తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. విదేశీ వెబ్‌సైటులో స్టాక్ ఎంచుకుని పార్సిల్ తెప్పించుకోవచ్చనుకుంటే అది కస్టమ్స్ దగ్గర ఆగిపోవడమే కాక, సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. లైసెన్సు ఉన్న డీలరు ద్వారా కొనండి, పనిని లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ (తుపాకీ పనివాడు) చేత చేయించండి, సందేహం ఉంటే నగర పోలీసు కమిషనర్ కార్యాలయంలోని ఆయుధాల విభాగాన్ని ముందే అడగండి. ఆటోనగర్‌లో మంచి లేతు పనివారు ఎందరో ఉన్నారన్నది నిజమే గానీ, తుపాకీని వారి దగ్గర ఒక్క పూట వదిలి రావడం కూడా నేరమే. కింద రాసినదంతా ఇంట్లో కూర్చుని మీరే చేయమని కాదు. గన్‌స్మిత్‌ను ఏమి అడగాలో, చేసిన పనిని ఎలా పరీక్షించి తీసుకోవాలో తెలియడానికి.

మీ చేతిలో ఉన్న యాక్షన్ ఏది

స్టాక్ ఎంపిక ఇక్కడే సగం తేలిపోతుంది. మౌజర్ 98 తరహా యాక్షన్‌కు అడుగు బల్లపరుపుగా ఉంటుంది, వెనుకకు తన్నే దెబ్బను స్టాక్‌కు అందించే రీకాయిల్ లగ్ ముందు రింగు కిందే దానితో ఒకటిగా ఉంటుంది; అది స్టాక్‌లో స్థిరంగా కూర్చుంటుంది, బెడ్డింగ్‌కు బాగా లొంగుతుంది. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 తరహా యాక్షన్ గుండ్రని గొట్టం. దాని లగ్ బారెల్‌కు, యాక్షన్‌కు మధ్య నొక్కి బిగించిన విడి పలక. గుండ్రటిది గుండ్రటి గూడులో కొద్దిగా తిరగాలని చూస్తుంది కాబట్టి, బెడ్డింగ్ వల్ల దీనికి కలిగే లాభం మౌజర్ కన్నా ఎక్కువ. మార్కెట్లో దొరికే సింథటిక్ స్టాక్‌లలో చాలా భాగం ఈ రెండు తరహాలకే. మౌజర్ అంటే సరిపోదు. సైనిక యాక్షనా, వాణిజ్య యాక్షనా, రెండు స్క్రూల మధ్య దూరమెంత అన్నవి కొలిచి చెప్పకపోతే వచ్చిన స్టాక్ గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

ఇక మన దగ్గర ఎక్కువగా కనిపించే ఇషాపూర్ .315 స్పోర్టింగ్ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ తరహాది. దాని స్టాక్ రెండు ముక్కలు: వెనుక బట్ ఒక సాకెట్‌లోకి దూరి పొడవాటి బోల్టుతో బిగుస్తుంది, ముందుభాగం విడిగా ఉంటుంది. ఒకే ముక్కగా అచ్చుపోసిన సింథటిక్ స్టాక్ దీనికి పట్టదు. దీని యజమానులకు నా సలహా ఒక్కటే: స్టాక్ మార్చే ఆలోచన మానుకుని, ముందుభాగం వెనుక అంచున యాక్షన్ ఆనే చోట్లను గన్‌స్మిత్ చేత సరిచేయించి, కట్టె లోపలి భాగాలకు కూడా నూనె పట్టించండి.

స్టాక్ రకాలు

చవకైనది అచ్చుపోసిన ప్లాస్టిక్ స్టాక్. గాజు పోగులు కలిపిన నైలాన్ గానీ, అంతకన్నా తక్కువరకం ప్లాస్టిక్ గానీ అచ్చులోకి నొక్కి దీన్ని చేస్తారు. ప్లాస్టిక్ అనగానే చులకనగా చూడవలసిన పని లేదు. రెమింగ్టన్ సంస్థ 1959లోనే నైలాన్ స్టాక్‌తో.22 రైఫిల్‌ను విడుదల చేసింది, అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. దీని బరువు సుమారు ఒక కిలో. తేమకు ఉబ్బి వంగడమన్నది కట్టెతో పోలిస్తే దీనికి లేనట్టే. అసలు బలహీనత ముందుభాగంలో ఉంటుంది: లోపల బోలుగా, అడ్డుపట్టీలతో ఉండే ఆ భాగాన్ని బొటనవేలితో నొక్కితే బారెల్‌కు తగిలేంతగా వంగుతుంది. ఇసుక సంచి మీద ఆనించినప్పుడు ఒకచోట, తుపాకీ పట్టీ బిగించి చేతిలో పట్టుకున్నప్పుడు మరోచోట గుండు పడటానికి అదే కారణం. కొనేముందు దుకాణంలోనే ఆ నొక్కుడు పరీక్ష చేయండి. చిన్న తూటా .22కు ఇది చాలు, బలమైన తూటా .30-06కు మాత్రం నేను దీన్ని ఎంచుకోను.

రెండోది గాజు బట్టను ఎపాక్సీలో తడిపి పొరలు పొరలుగా పేర్చి చేసే ఫైబర్‌గ్లాస్ స్టాక్. ఖరీదు పెరిగితే గాజు స్థానంలో కార్బన్ పోగులు వస్తాయి. మెక్‌మిలన్, హెచ్‌ఎస్ ప్రెసిషన్, బెల్ అండ్ కార్ల్‌సన్ వంటి అమెరికా సంస్థల పేర్లు ఈ వరుసలో వినిపిస్తాయి. వీటి ముందుభాగం బిగువుగా ఉంటుంది, ఎపాక్సీ వీటికి చక్కగా అంటుకుంటుంది. కొన్నింటిలో లోపలే అల్యూమినియం దిమ్మె వేసి పోస్తారు, దాని సంగతి కింద చెబుతాను. వీటి రూపానికి అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది, కానీ పట్టుకున్నాక పట్టు వదలదు.

మూడోది పూర్తి అల్యూమినియం చాసిస్, అంటే స్టాక్ స్థానంలో వచ్చే లోహపు చట్రం. బెడ్డింగ్ లేకుండానే బిగించవచ్చని, కొలతలు మార్చుకోవచ్చని దీన్ని మెచ్చుకుంటారు. రేంజిలో బల్ల మీద పెట్టి మాత్రమే కాల్చేవారికి బాగానే ఉంటుంది. బరువు ఒకటిన్నర కిలో నుంచి రెండు కిలోల పైమాట. తాత మౌజర్‌ను అందులో బిగించడం పట్టుపంచె మీద బూట్లు వేసినట్టుంటుందన్నది నా అభిప్రాయం, ఒప్పుకోనివారు ఒప్పుకోనక్కరలేదు.

నాలుగో దారి పాత వాల్‌నట్‌నే ఉంచుకుని, దానికే పిల్లర్లు (స్క్రూ రంధ్రాలలో లోహపు గొట్టాలు), ఎపాక్సీ పడక వేయించడం. మంచి మౌజర్ ఉన్నవారు సింథటిక్ కొనేముందు దీన్ని ఆలోచించాలి. ఇదే మాట 2014 అక్టోబరుకు ముందు నన్ను అడిగితే మరింత గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ నెల 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు మా బీరువా అడుగున నీరు నిలిచి, తుపాకీ బట్ తడిలోనే ఉండిపోయింది. మూడు వారాలు ఆరిన తరువాత కూడా యాక్షన్‌ను స్టాక్ నుంచి వేరుచేయడానికి రబ్బరు సుత్తి అవసరపడింది. వార్నిష్ పైన మాత్రమే వేసి, లోపలి గూడును, బట్ ప్యాడ్ కింది కోతను పచ్చిగా వదిలేసిన కట్టె అది. తప్పు కట్టెది కాదు, పైపూత చూసి మురిసిన నాది.

బెడ్డింగ్ పద్ధతులు

ఏ బెడ్డింగూ లేకుండా బిగిస్తే యాక్షన్ రెండు మూడు మిట్టల మీద మాత్రమే ఆనుతుంది. స్క్రూలు బిగించగానే ఆ మిట్టల మధ్య యాక్షన్ అతి స్వల్పంగా వంగుతుంది, ప్రతి గుండుకూ ఆ వంపు సర్దుకుంటూ ఉంటుంది. ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. స్టాక్ ముందుభాగం చివరన డయల్ గేజిని (అతి చిన్న కదలికను ముల్లుతో చూపే పరికరాన్ని) బిగించి, దాని ముల్లును బారెల్‌కు ఆనించి, ముందు స్క్రూను నెమ్మదిగా వదులు చేయాలి. ముల్లు 0.05 మిల్లీమీటరుకు మించి కదిలితే యాక్షన్ ఒత్తిడిలో ఉన్నట్టే. స్టాక్ కొన్న రోజునే ఈ కొలత తీయించి రాసిపెట్టుకుంటే, బెడ్డింగ్ తరువాత అదే కొలతతో పనివాడి చేతిని అంచనా వేయవచ్చు.

పిల్లర్లు అంటే స్క్రూలు దిగే రంధ్రాలలో కూర్చోబెట్టే లోహపు గొట్టాలు. అవి లేనప్పుడు స్క్రూ బిగింపు స్టాక్‌ను నలుపుతుంది. కట్టెనైనా, మెత్తని ప్లాస్టిక్‌నైనా నెలల తరబడి నొక్కుతూ పోతే బిగింపు సడలుతుంది. పిల్లర్లు ఉంటే లోహం మీద లోహం ఆనుతుంది. దీనికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

అల్యూమినియం దిమ్మె ఉన్న స్టాక్ పిల్లర్ల పనిని, కొంతవరకు పడక పనిని కలిపి చేస్తుంది. బెడ్డింగ్ అక్కరలేదని అమ్మేవారు అంటారు. దిమ్మెలోని వంపు, మీ యాక్షన్ వంపు ఒకే కొలతకు వస్తే ఆ మాట నిజం. పాత యాక్షన్లు, చేతితో మెరుగు పెట్టినవి అలా కలవవు. పైన చెప్పిన డయల్ పరీక్షలో తేడా కనిపిస్తే దిమ్మె మీదే పలుచని ఎపాక్సీ పొర వేయించాలి.

ఎపాక్సీ పడక అన్నిటికీ మూలం. యాక్షన్ ఆకారమే అచ్చుగా, దాని కిందా లగ్ వెనుకా రెసిన్ నింపి గట్టిపడనివ్వడమే ఆ పని. స్టాక్ ఏదైనా, .30-06 వంటి బలమైన తూటా అయితే పిల్లర్లు, పైన ఈ పడక రెండూ ఉండాలన్నది నా నిర్ణయం. లగ్ వెనుక ముఖం మాత్రమే పడకకు నిండుగా ఆనాలి. ముందు, పక్కలు, అడుగు వైపు పావు మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. అందుకే పోతకు ముందు ఆ మూడు వైపులా టేపు అంటిస్తారు. ఈ ఖాళీ వదలకపోతే యాక్షన్‌ను తీసి పెట్టిన ప్రతిసారీ లగ్ పడకను గీరుతుంది.

అచ్చుపోసిన ప్లాస్టిక్ స్టాక్ తీసుకున్నవారు ఒక సంగతి గమనించాలి. నైలాన్‌కు, పాలీప్రొపిలీన్‌కు ఎపాక్సీ సరిగా అంటుకోదు. గరుకు కాగితం రుద్దితే చాలదు; గూడు గోడలకు చిన్న చిన్న రంధ్రాలు వాలుగా తొలిచి, రెసిన్ వాటిలోకి దిగి కొక్కెంలా పట్టుకునేలా చేయాలి. లేకపోతే కొన్ని వందల గుండ్ల తరువాత పడక పెచ్చులా ఊడి వస్తుంది.

రెసిన్ విషయంలో విశాఖ ప్రలోభం

మన ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ పడవల మరమ్మతు చూసినవారికెవరికైనా ఒక ఆలోచన వస్తుంది: అదే రెసిన్, అదే గాజు బట్ట, డబ్బా కొంచెం తెచ్చి వేస్తే పోదా? పోదు. పడవలకు ఎక్కువగా వాడేది పాలియెస్టర్ రెసిన్. అది గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 5 నుంచి 8 శాతం కుంచించుకుపోతుంది. పడవ గుల్లకు అది లెక్కలోకి రాదు, మిల్లీమీటరులో వందో వంతులు చూసే పడకకు మాత్రం అదే పెద్ద లోపం. ఎపాక్సీ కుదింపు దానిలో చిన్న భాగం మాత్రమే, అందులోనూ ఉక్కు పొడి కలిపిన లప్పంలాంటి రకమైతే ఇంకా తక్కువ. గన్‌స్మిత్‌లు డెవ్‌కాన్, మెరైన్ టెక్స్ వంటివి వాడటానికి కారణం ఇదే. పలుచగా పారే మామూలు అరల్డైట్, నీటి గొట్టాలకు అతికే ఎం సీల్ ముద్ద ఈ పని కోసం చేసినవి కావు; మొదటిది గూడులో నిలవకుండా కారిపోతుంది, రెండోది సన్నని సందుల్లోకి పారదు.

పడవ పనివారి మరో అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. ఎండ ముదిరినప్పుడు వారు హార్డెనర్ తగ్గించి వేస్తారు, పాలియెస్టర్‌కు అది చెల్లుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ కూడా పదార్థంలో భాగమే. దాని పాళ్లు తగ్గితే ఎన్ని రోజులైనా మెత్తగానే మిగిలిపోతుంది. చెప్పిన పాళ్లను త్రాసులో తూచి కలపాలి తప్ప కంటికొలత కుదరదు. వేడి పది డిగ్రీలు పెరిగితే, కలిపిన రెసిన్ చేతిలో నిలిచే సమయం దాదాపు సగమవుతుంది కాబట్టి, మే నెలలో మధ్యాహ్నం కలిపినది గూడులో పరిచేలోపే బిగుసుకోవచ్చు. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర చేసే గన్‌స్మిత్ దొరికితే సరి, లేకపోతే పనిని డిసెంబరు, జనవరి నెలలకు వాయిదా వేయండి. తేమ ఎక్కువగా ఉన్న రోజున కొన్ని ఎపాక్సీల పైన జిడ్డులాంటి పొర తేలుతుంది. రెండో పొర వేయాలంటే ముందు దాన్ని నీటితో కడిగి తుడవాలి, లేకపోతే పై పొర అంటుకోదు.

గది వేడిలో గట్టిపడిన చాలా ఎపాక్సీలు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. వేసవిలో బీచ్ రోడ్డున ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో వేడి ఆ మేరకు చేరుతుంది. తుపాకీని అలా వదలడం భద్రత రీత్యానే తప్పు. పడక పాడవుతుందన్నది రెండో కారణం.

రెసిన్ పోసే ముందు యాక్షన్‌కంతా మైనం గానీ, అంటుకోకుండా పూసే మరే పూత గానీ రెండు పొరలు పట్టించి, స్క్రూ రంధ్రాలను, ట్రిగ్గర్ గూడును, పక్కల పల్లాలను బంకమట్టితో నింపాలి. ఇది మరిచిపోతే స్టాక్, యాక్షన్ విడదీయరాని దంపతులవుతాయి. గన్‌స్మిత్‌ను ఏ పూత వాడతారో అడగడంలో మొహమాటం వద్దు.

పని తీసుకునేటప్పుడు

తుపాకీ ఖాళీగా ఉందని ముందు మీరే చూసుకోండి. పడక మీద యాక్షన్ ముద్ర గాలి బుడగలు లేకుండా నిండుగా పడిందా, డయల్ పరీక్షలో కదలిక ఎంతకు తగ్గిందో చూడండి. ఒక మడత కాగితం బారెల్ కింద ముందు నుంచి లగ్ దగ్గర వరకు సాఫీగా జారాలి. ముందుభాగాన్ని నొక్కి పట్టుకున్నప్పుడు కూడా జారాలి. సన్నని బారెల్ అయితే లగ్ దాటిన వెంటనే ఖాళీ ఉండటం మంచిది, బరువైన బారెల్ అయితే మొదటి రెండు మూడు సెంటీమీటర్లు పడక మీద ఆనినా తప్పులేదు. కొన్ని కంపెనీ స్టాక్‌లలో ముందు చివరన బారెల్‌ను కావాలనే నొక్కే మిట్ట ఉంటుంది. దాన్ని కోసేముందు యాక్షన్ కింద రెండు పేకముక్కల ముక్కలు పెట్టి బారెల్‌ను తాత్కాలికంగా లేపి కాల్చి చూడాలి, ఎందుకంటే కోసినదాన్ని తిరిగి అతికించలేము.

కొత్త స్టాక్ మందం పాతదానితో సమానం కాదు కాబట్టి స్క్రూల పొడవు మారుతుంది. ముందు స్క్రూ పొడుగైతే దాని కొస బోల్ట్ లగ్గుల (బోల్ట్‌ను మూసి బిగించే పొడుచుకొచ్చిన భాగాల) దారిలోకి వచ్చి బోల్ట్ మూసుకోదు, లేదా గీరుతూ మూసుకుంటుంది. బోల్ట్ పిడి స్టాక్ కోతకు తగలకూడదు, ట్రిగ్గర్, సేఫ్టీ పక్క గోడలకు రాసుకోకూడదు. టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచితో) బిగించమనండి. తయారీదారు చెప్పిన అంకె ఉంటే అదే ప్రమాణం. లేకపోతే పిల్లర్లు లేని కట్టెకు సుమారు 4 న్యూటన్ మీటర్లు, పిల్లర్లు లేదా అల్యూమినియం దిమ్మె ఉన్నదానికి 7 వరకు,.22కు 2 లేదా 3 సరిపోతాయి.

ఒంటికి కుదరడం గురించి రెండు మాటలు. విదేశీ స్టాక్‌లు ట్రిగ్గర్ నుంచి బట్ చివర వరకు సాధారణంగా పదమూడున్నర అంగుళాలు ఉంటాయి. మనలో చాలామందికి పదమూడు చాలు. ముక్కలు తీసి పొడవు తగ్గించుకునే వీలున్నది తీసుకోండి. టెలిస్కోప్ ఉంటే చెంప ఆనే చోటు ఎత్తు చూసుకోండి.

తరువాతి నిర్వహణ

సింథటిక్ స్టాక్‌కు తేమ పట్టదు, నిజమే. లోపల చిక్కిన తేమ బయటికి పోదన్నది కూడా నిజమే. చూడటానికి స్టాక్ నిగనిగలాడుతూ ఉంటే, దాని అంచు కింద బారెల్ అడుగున తుప్పు పెరుగుతూ ఉంటుంది. ఉప్పు గాలిలో ఉక్కు, అల్యూమినియం ఒకదానికొకటి ఆని ఉన్నచోట అల్యూమినియం తెల్లగా పొడిలా చిలుముపడుతుంది. దిమ్మె ఉన్న స్టాక్‌లకు, చాసిస్‌లకు ఈ బెడద ఎక్కువ. వానాకాలం ముందొకసారి, ముగిశాక ఒకసారి యాక్షన్‌ను బయటికి తీసి, తుడిచి, పలుచగా నూనె పట్టించడం చాలు. అంతకు మించి మాటిమాటికీ తీయవద్దు, తీసిన ప్రతిసారీ పడక అంచులు కొంచెం అరుగుతాయి.

.22 ఉన్నవారు అచ్చుపోసిన స్టాక్, పిల్లర్లతో ఆగవచ్చు. .30-06 లేదా మరో బలమైన మౌజర్ ఉండి, వారంవారం రేంజికి వెళ్లేవారు పొరల ఫైబర్‌గ్లాస్, పిల్లర్లు, ఉక్కు పొడి ఎపాక్సీ తీసుకోవాలి. ఏడాదికి రెండుమూడు సార్లు మాత్రమే తుపాకీ బయటికి తీసేవారు పాత కట్టెకే ఎపాక్సీ పడక వేయించి, లోపలి గూడుతో సహా పూత పట్టించుకుంటే ఆ డబ్బు మిగులుతుంది.

సింథటిక్‌కు మారినవారు పాత వాల్‌నట్‌ను పారేయకండి. ఎప్పుడైనా తుపాకీని లైసెన్సుతో మరొకరికి బదిలీ చేయవలసి వస్తే, అసలు స్టాక్ తోడుగా ఉన్న పాత మౌజర్‌కు పలికే ధర వేరు. పాత గుడ్డలో చుట్టి అటక మీద పెడితే చెదలు, అడుగున పెడితే చెమ్మ. రెండు చివరలా దారంతో కట్టి, గాలాడే గదిలో గోడకు వేలాడదీయండి.